మేష్టారి వీపు

నాకు లెక్కలు నేర్పిన మేష్టారి ముఖం నాకు గుర్తు లేదు. మరిచిపోయి కాదు, ఆయన దగ్గర నేర్చుకున్నన్నాళ్ళూ అసలు చూడలేదు. ఆయన వీపును మాత్రం ఇప్పుడు కూడా బొమ్మ గీసి చూపించగలను. ఎడమ భుజం కుడి భుజం కంటే కాస్త కిందికి జారి ఉండేది. మెడ వెనక, కాలరుకు పైన, కందిగింజంత పుట్టుమచ్చ ఉండేది. మధ్యాహ్నపు ఎండకు చొక్కా మొదట నడుం దగ్గర తడిసి, ఆ తడి మెల్లగా పైకి పాకేది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వుకోండి. నాకు మాత్రం అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. వయసు పైబడితే కోపాలు తగ్గుతాయంటారు గానీ ఈ ఒక్క కోపం నాతో పాటే పెరిగింది.

యాభైల చివర్లో నేను ఆరో ఫారం చదివాను. ఎస్సెల్సీకి అది చివరి ఏడు. స్కూలు పేరు రాయను. అది జగ్గయ్యపేటలోదో, నందిగామలోదో కూడా చెప్పను. మా ఊరు చిల్లకల్లు పక్కన పల్లె. రోడ్డు మీదికి వచ్చి నిలబడితే అటు పోయే బస్సూ ఇటు పోయే బస్సూ రెండూ దొరికేవి. నేను ఎక్కింది ఏదో నా దగ్గరే ఉంచుకుంటాను. ఆ రోజుల్లో ఆడపిల్ల ఎటువైపు బస్సెక్కినా దిగేది ఒకటే గదిలో.

ఆ గదిని ‘ఆడపిల్లల గది’ అనేవారు. హెడ్మాస్టరు గదిని ఆనుకుని ఉండేది. విరిగిన బెంచీలూ గాలి పోయిన ఫుట్‌బాళ్ళూ పడేసే కొట్టును మా కోసం ఖాళీ చేసి, సగమే ఖాళీ చేసి, మాకిచ్చారు. ఒక కిటికీ ఉండేది. మా మంచి కోసమే దానికి మేకులు కొట్టారు. గంట కొట్టినా మేం మాకుగా క్లాసుకు వెళ్ళకూడదు. పాఠం చెప్పే మేష్టారు వచ్చి, గుమ్మం బయట నిలబడి దగ్గాలి. ఆ దగ్గు వినపడగానే మేం లేచి, వరసగా, తల దించుకుని, ఆయన వెనకాలే క్లాసుకు వెళ్ళాలి. గోడ పక్క బెంచీలో కూర్చోవాలి. పీరియడు అయిపోగానే మళ్ళీ ఆయన వెనకాలే నడిచి గదికి రావాలి. దీన్ని మర్యాద అనేవారు. మా అమ్మానాన్నలు కూడా మర్యాద గల స్కూలని చెప్పుకుని మురిసిపోయేవారు.

మాకు లెక్కలు చెప్పే సీనియరు మేష్టారికి దగ్గడం గుర్తుండేది కాదు. పాఠం సగానికి వచ్చాక ‘అరె, ఆడపిల్లలు’ అని ప్యూనును పంపేవాడు. మేం వెళ్ళి కూర్చునేసరికి బోర్డు మీద జవాబు ఉండేది. జవాబు కింద రెండు గీతలు ఉండేవి. ఏడాది పొడుగునా మేం నేర్చుకున్నది ఆ రెండు గీతలు గీయడమే. పోనీ అడుగుదామా అంటే, ఆడపిల్ల నోరు తెరిస్తే చాలు, మగపిల్లలు కాళ్ళు నేలకేసి రాసేవాళ్ళు. బరబరమని క్లాసంతా మోత. మేష్టారు వాళ్ళను ఏమీ అనేవాడు కాదు. ఒకసారి నేను లేచి నిలబడితే ఆ మోత ఆగేదాకా చూసి, నవ్వి, “చాకలి పద్దు రాసుకోడానికి ఇంత ఆల్జీబ్రా అక్కర్లేదులే అమ్మాయ్, కూర్చో” అన్నాడు. కూర్చున్నాను. ఆ తరవాత క్లాసులో నేను మళ్ళీ లేవలేదు.

క్వార్టర్లీ పరీక్షలో మా ఆడపిల్లలందరం లెక్కల్లో తప్పాం. ఇందులో వింతేముంది? బావిలో నీళ్ళు లేకుండా చేసి, కడవ నిండలేదేమని అడిగినట్టుంది. కానీ హెడ్మాస్టరు మా నాన్నలందరికీ కబురు పెట్టాడు. పబ్లిక్ పరీక్షకు ముందు జనవరిలో స్కూల్లోనే సెలెక్షన్ పరీక్ష పెట్టేవారు. అందులో తప్పినవాళ్ళను పబ్లిక్‌కు పంపేవారు కాదు. స్కూలుకు పేరు చెడుతుందని వాళ్ళ భయం. నాన్న ఆ రోజు ఇంటికి వచ్చి, మొహం కడుక్కుని, నా వైపు చూడకుండా అమ్మతో అన్నాడు:

“ఈసారి ఆగిపోతే ఇంక చాలే. ఇంట్లో ఉంటది. మళ్ళీ ఏడాది బస్సుల్లో తిప్పటం నావల్ల కాదు.”

అదీ నా పరిస్థితి. సంక్రాంతి వెళ్ళాక జరిగే ఒక్క లెక్కల పరీక్ష గట్టెక్కితే చదువు ఉంటుంది, లేకపోతే లేదు. నాకు చదువు తప్ప ఇంకేదీ చేతకాదని అప్పటికే తెలుసు. వంట చేస్తే మా తమ్ముడే తినేవాడు కాదు.

తప్పిన మగపిల్లలకు సాయంత్రం స్పెషల్ క్లాసు పెట్టారు. సీనియర్లెవరూ ఒప్పుకోకపోతే ఆ పని కింది ఫారాలకు చెప్పే ఒక జూనియరు మేష్టారి నెత్తిన పడేశారు. కొత్తగా వచ్చాడు. మా క్లాసుకు ఎప్పుడూ రాలేదు. వరండాలో ఎదురైనా మేం తల దించుకునే నడవాలి గనక మాకు ఆయన చెప్పులే తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం మేం కేరేజీలు విప్పుకుంటుంటే, పక్కన హెడ్మాస్టరు గదిలోంచి ఒక కొత్త గొంతు, ఆయనదే, గోడ ఇవతలికి వినపడింది.

“తప్పినవాళ్ళలో ఆడపిల్లలు కూడా ఉన్నారు కదండీ. వాళ్ళేరి?”

“వాళ్ళు సాయంత్రం ఎట్లా ఉంటారండీ? బస్సులు పోతాయి. చీకటి పడితే పూచీ ఎవరు, మీరా?” అన్నాడు హెడ్మాస్టరు.

“పోనీ మధ్యాహ్నం అన్నాల వేళ చెప్తానండి.”

“ఎక్కడ? ఆ గదిలోకి మగ టీచరు అడుగు పెట్టకూడదు. రూలు తెలీదా మీకు?”

“అడుగు పెట్టనండి. గుమ్మం బయట కూర్చుంటా.”

“బయట కూర్చుని వాళ్ళ మొహాలు చూస్తుంటే ఊళ్ళో ఏమనుకుంటారండీ?”

మేం ముద్ద నోట్లో పెట్టుకోకుండా వింటున్నాం.

“చూడనండి. అటు తిరిగి కూర్చుంటా” అన్నాడు ఆయన.

మర్నాడు మధ్యాహ్నం మా గుమ్మం ముందు వరండాలో ఒక స్టూలు వచ్చింది. ఎదురుగా స్తంభానికి చిన్న నల్లబోర్డు ఆనించారు. ఆయన వచ్చి, మాకు వీపు పెట్టి, ఆటస్థలం వైపు, అవతల రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. బోర్డు ఆయనకూ కనపడుతుంది, ఆయన భుజాల మీదుగా మాకూ కనపడుతుంది. వచ్చే పోయే వాళ్ళందరికీ ఆయన ముఖం కనపడుతుంది. మాకొక్కళ్ళకే కనపడదు. ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని అంత ఆలోచించి కూర్చున్నాడు ఆ మనిషి. ఒక మేష్టారు తన పిల్లలకు పాఠం చెప్పడానికి దొంగతనం చెయ్యడం లేదని రుజువు చూపించుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. ఇది నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది, పళ్ళు కొరుక్కుంటున్నాను.

మొదటి రోజు ఆయన ఒకటే చెప్పాడు.

“అర్థమైందండీ అని అనొద్దమ్మా. ఆ మాట నాకొద్దు. ఎక్కడ తెగిందో చెప్పండి. ఎక్కడిదాకా వచ్చి దారం తెగిందో అది చెప్తే చాలు, అక్కణ్ణించి ముడేసుకుందాం.”

మేం బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నాం. ఆయన బోర్డు మీద లెక్క చేస్తూ పోయాడు. నాకు రెండో వరసలోనే తెగింది. తెగిందని చెప్పాలి. ఎదురుగా వీపు ఉంది. ఆ వీపుకు కళ్ళు లేవు. అది నవ్వదు. నేల మీద కాళ్ళు రాసే వాళ్ళెవరూ లేరు. ఎట్లా వచ్చిందో తెలీదు, “మేష్టారూ” అన్నాను.

సుద్ద ముక్క పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. “చెప్పమ్మా” అన్నాడు, ఆటస్థలంతో.

“మీరు పైదాన్ని కిందికి దించారు కదండీ, అక్కడ తెగిందండీ.”

ఆ స్కూల్లో చేరాక పాఠం మధ్యలో నేను నోరు విప్పి మాట్లాడిన మొదటి మాట అది. దాన్ని నేను ఒక వీపుతో మాట్లాడాను.

ఆయన లెక్క ఆపేశాడు. దానికి ముందు లెక్క అడిగాడు. అదీ తెగింది. దానికి ముందుది. అదీ అంతే. అట్లా వెనక్కీ వెనక్కీ వెళ్ళి, నాలుగో క్లాసులో నేను మిరపకాయలు కోసే రోజుల్లో బడి మానేసినప్పుడు జరిగిపోయిన పాఠం దగ్గర ఆగాడు. భిన్నాన్ని భిన్నంతో భాగించడం. అప్పుడు చేలో కూలీలు దొరక్క అమ్మ నన్ను తీసుకుపోయింది. తిరిగి వచ్చేసరికి పాఠం దాటిపోయింది. నాలుగో క్లాసులో తెగిన దారం పట్టుకుని ఆరో ఫారం దాకా వచ్చాను. అన్నేళ్ళలో ఒక్క మేష్టారూ అడగలేదు. మొద్దు అన్నారు, మొండి అన్నారు, బుర్ర లేదన్నారు.

“పప్పు కొలిచే సోలలో గిద్దెలెన్నమ్మా?” అన్నాడు.

“నాలుగండీ.”

“అరసోలలో?”

“రెండండీ.”

“అంతే. అరను పావుతో భాగిస్తే రెండు. కొలిచే గిద్దె చిన్నదైతే ఎక్కువసార్లు ముంచాలా వద్దా? అందుకే జవాబు పెద్దదైంది. తలకిందులు చేసి గుణించడం తరవాత. ముందు ముంచి పొయ్యండి.”

అప్పుడు నా పక్కన కూర్చునే పిల్ల నోరు తెరిచింది. బజార్లో కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి. మాలో అందరికంటే భయస్తురాలు. “మేష్టారూ” అంది.

“చెప్పమ్మా.”

“మా కొట్లో సోలకి మూడున్నర గిద్దెలేనండి.”

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తరవాత వాళ్ళ నాన్న తక్కువ కొలుస్తాడని అర్థమైంది. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. అన్నం గిన్నెలు దొర్లిపోయేలా నవ్వాం. ఆ పిల్ల నాలుక కరుచుకుని, తనూ నవ్వింది. మేష్టారి భుజాలు కూడా కదిలాయి. నవ్వుతున్నాడని వీపును బట్టి తెలిసింది. “ఐతే మీ కొట్టు లెక్క వేరే చేద్దాం లెమ్మా” అన్నాడు.

ఆ గదిలో ఆడపిల్లలు నవ్వడం అదే మొదలు. ఆ నవ్వే మా కొంప ముంచింది.

స్కూలున్న ఊళ్ళో ఒక పెద్ద ఆసామి ఉండేవాడు. బోలెడు మాగాణి, బోలెడు మెట్ట, స్కూలుకు సంబంధించిన ప్రతి విషయంలోనూ ఆయన మాటే మాట. తన కూతుర్ని మాత్రం బెజవాడ హాస్టల్లో పెట్టి చదివించుకునేవాడు. ఆ రోజు రోడ్డు మీద పోతూ మా నవ్వు విన్నాడట. మేష్టారు అటు తిరిగి కూర్చున్న సంగతి ఆయన కళ్ళతో చూశాడు. అయినా, “ఏం జెప్తే ఆడపిల్లలు అంతగా నవ్వారు?” అని హెడ్మాస్టర్ని అడిగాడట. సమాధానం చాలా చిన్నది: సోలకు మూడున్నర గిద్దెలు. ఆ సమాధానం వినడానికి ఎవరూ మా గదికి రాలేదు.

మర్నాడు గుమ్మానికి ఈత చాప కట్టారు. హెడ్మాస్టరు కట్టించాడు. ప్యూను స్టూలెక్కి కడుతుంటే పురికొస అందించింది మాత్రం మేష్టారే. నాకు ఆయన మీద కూడా కోపమే, దాచుకోను. ఆ పురికొస విసిరి కొట్టలేకపోయాడా? మేం లోపల నిలబడి చూస్తుండగా చాప కిందికి దిగింది. భుజాలు పోయాయి, బోర్డు పోయింది. వరండా వెలుగు కూడా పోయింది. చాప అవతల స్టూలు చప్పుడైంది.

“చాపకు శబ్దం ఆగదమ్మా. రాసుకోండి” అంది గొంతు.

బోర్డు కనపడదు గనక మమ్మల్ని ఇళ్ళలోంచి తమ్ముళ్ళ పలకలు తెచ్చుకోమన్నాడు. లెక్క నోటితో చెప్పేవాడు. మేం పలకల మీద చేసి, చాప కింద బెత్తెడు సందులోంచి బయటికి తోసేవాళ్ళం. ఆయన చూసి, తెగినచోట సుద్దతో సున్నా చుట్టి, మళ్ళీ లోపలికి తోసేవాడు. ఆరో ఫారం చదివే పిల్లలం ఒకటో క్లాసు పలకలతో, జైల్లో అన్నం అందుకున్నట్టు లెక్కలు అందుకున్నాం. అయినా నేర్చుకున్నాం. పంతం పట్టి నేర్చుకున్నాం. పలక మీద సున్నాలు రోజురోజుకూ కిందికి జారుతూ వచ్చాయి. మొదటి వరసలో ఉండే సున్నా మూడో వరసకు పోయింది, కొన్నాళ్ళకు చివరి వరసకు పోయింది. కొట్టు వాళ్ళమ్మాయికి మాత్రం చాప కట్టాక కష్టమైంది. ఆమె వినపడితే కాదు, కనపడితే నేర్చుకునే పిల్ల.

కార్తీకం వెళ్ళేసరికి కొత్త పుకారు పుట్టింది. పలకలు అందుకునేటప్పుడు వేళ్ళు తగులుతున్నాయట. ఎవరు చూశారు? మేకులు కొట్టిన కిటికీ, చాప కట్టిన గుమ్మం. లోపలి నుంచి మాకే ఏమీ కనపడకపోతే బయట వాళ్ళకు వేళ్ళు ఎట్లా కనపడ్డాయో! కళ్ళతో చూసి అన్న మాటలు కావవి.

ఆ రోజు మధ్యాహ్నం హెడ్మాస్టరు గదిలోకి చాలామంది వచ్చారు. గోడ ఇవతల మేం పలకలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. పెద్ద ఆసామి గొంతు గట్టిగా వినపడింది.

“మా ఆడపిల్లలు లెక్కలు రాకపోతే ఏం చచ్చిపోరు. పరువు పోతే మాత్రం మేం చస్తాం. ఆయన్ని ఇక్కణ్ణించి పంపిస్తారా, పిల్లల్ని మాన్పించమంటారా?”

ఔనౌనంటూ ఇంకొన్ని గొంతులు. వాటి మధ్య ఒక దగ్గు వినపడింది. పొడి దగ్గు, రెండు విడతలుగా. ఆ దగ్గు నాకు తెలుసు. ప్రతి తెల్లవారీ పశువుల కొట్టంలోంచి విని నిద్ర లేచే దగ్గు అది. మా నాన్న ఆ గదిలో ఉన్నాడు.

పక్కనున్న పిల్లలు నా మొహం చూశారు. నేను పలక వంక చూశాను. ‘మా ఆడపిల్లలు’ అని ఆసామి అన్నప్పుడు ఆయన కూతురు బెజవాడలో ఉంది. ఆ మాటలో ఉన్నది నేను. నన్ను కాపాడటానికి మా నాన్న తువ్వాలు దులుపుకుని, బస్సెక్కి వచ్చాడు.

మేష్టారు మర్నాడు స్టూలు వెయ్యలేదు. చాప అవతల నిలబడే మాట్లాడాడు. జిల్లా చివర ఎక్కడికో బదిలీ చేశారట. “చాప ఇంక తీసేస్తారులే అమ్మా. గాలి ఆడుద్ది” అన్నాడు. కోపంగా అనలేదు, అదే నాకు మరీ కోపం తెప్పించింది. “ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోండి. ఎక్కడ తెగిందో అడగటం వస్తే మేష్టారితో పని లేదు.” చెప్పులు దూరమవడం విన్నాం. చాప పక్కకు తీసి చూడాలని ఒక్కళ్ళకీ చేతులు రాలేదు. మమ్మల్ని అంత బాగా పెంచారు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి నాన్న అరుగు మీద, వీధి వైపు తిరిగి కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. మా ఇళ్ళలో ఆడపిల్ల తండ్రికి ఎదురు నిలబడి మాట్లాడేది లేదు. ఏదన్నా కావాలంటే అమ్మకు చెప్పాలి, అమ్మ నాన్నకు చెప్పాలి, జవాబు అదే దారిన తిరిగి రావాలి. నేను గుమ్మంలో నిలబడ్డాను. నాన్న వీపు నాకెదురుగా ఉంది. వీపుతో మాట్లాడటం నాకప్పటికి బాగా అలవాటైంది.

“నాన్నా” అన్నాను.

తాడు పేనే చెయ్యి ఆగింది. లోపల అమ్మ చేతిలో గిన్నె చప్పుడు కూడా ఆగింది.

“నిన్న హెడ్మాస్టరు గదిలో నువ్వు దగ్గటం నేను విన్నా.”

నాన్న తిరగలేదు. “పెద్దాయన రమ్మంటే పోయినా. నలుగురూ పోతంటే నేనొక్కణ్ణే ఆగితే ఎట్టా ఉంటది? నేనేం అన్లేదమ్మా. నోరు కూడా తెరవలా” అన్నాడు.

“అక్కడే తెగింది నాన్నా” అన్నాను.

ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలీదు. నేను ఆగలేదు. మేష్టారు మమ్మల్ని చూడకుండా అటు తిరిగి కూర్చున్నాడని చెప్పాను. చాప చెప్పాను. పలకలు చెప్పాను. నాలుగో క్లాసు మిరపకాయల సంగతి చెప్పాను. “నన్ను ఆగిపోతే మాన్పిస్తా అన్నావు. ఆగిపోకుండా చేసే మనిషిని నువ్వే పంపించావు. మరి నన్ను ఏం చెయ్యమంటావు?” అని అడిగాను. నా గొంతు వీధిలోకి వినపడుతోందని తెలుసు. వినపడనీ అనుకున్నాను. నాన్న తాడు కింద పెట్టి లేచి, నా వైపు చూడకుండానే చేలోకి పోయాడు. ఆ తరవాత ఎప్పుడూ ‘మాన్పిస్తా’ అన్న మాట మా ఇంట్లో వినపడలేదు. అంతకు మించి ఆయన ఏమీ చెయ్యలేదు. పెద్దాయన దగ్గరకు వెళ్ళి తప్పు జరిగిందని చెప్పలేదు. నాన్న మంచివాడు. మంచివాళ్ళు నోరు తెరవకపోవడం వల్ల ఎంత నష్టమో నేను ఆ వయసులోనే చూశాను. ఆయన పోయిన తరవాత కూడా నేను ఆ సంగతి మన్నించలేదు.

చాప తీసేశారు. మేం పలకలు మానలేదు. అన్నాల వేళ ఒకళ్ళం గడప లోపల, తక్కిన వాళ్ళకు వీపు పెట్టి కూర్చునేవాళ్ళం. ఎదురెదురుగా కూర్చుంటే ఎవరికీ మాట వచ్చేది కాదు. వీపు పెట్టి కూర్చుంటే వచ్చేది. ఎక్కువ రోజులు నేనే కూర్చున్నాను. “మేష్టారూ” అని వెనక నుంచి నవ్వుతూ పిలిచేవాళ్ళు. “చెప్పమ్మా” అనేదాన్ని, ఆటస్థలంతో. మాకు తెలిసింది ఎంత? తెలిసినంతలోనే తిప్పి తిప్పి చేశాం.

జనవరిలో సెలెక్షన్ పరీక్ష రాశాం. నేను గట్టెక్కాను. ఇంకొందరం గట్టెక్కాం. కొట్టు వాళ్ళమ్మాయి తప్పింది. ఏడవలేదు ఆ పిల్ల. హెడ్మాస్టరు గది ముందు నిలబడి, “ఇంకొక్క నెల మేష్టారుంటే వచ్చేదే” అంది, అంతే. మర్నాటి నుంచి రాలేదు. వాళ్ళ నాన్న కూడా ఆ రోజు ఆ గదిలోకి వచ్చిన వాళ్ళలో ఒకడు. తరవాత ఎప్పుడు సరుకులకు వెళ్ళినా కొట్టు వెనక తలుపు సందులో ఆమె చెయ్యే కనపడేది, పప్పు కొలిచి ఇస్తూ. ఒక పిల్ల చదువు అంతటితో ముగిసింది. దానికి ఎవరూ జవాబుదారీ కాలేదు. మరుసటి ఏడు స్కూలు వార్షికోత్సవానికి మమ్మల్ని పిలిచి మాత్రం, పబ్లిక్‌కు పంపిన ఆడపిల్లలందరూ పాసయ్యారని హెడ్మాస్టరు చెప్పుకున్నాడు. పెద్ద ఆసామి పూలదండ వేసుకుని చప్పట్లు కొట్టాడు. నేనూ ఆ పాసయిన వాళ్ళలో ఉన్నాను. నేను కొట్టలేదు.

తరవాత నేనూ మేష్టరీలోకే వచ్చాను. అరవైల్లో నందిగామ వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అక్కడా ఆడపిల్లల గది ఉంది. నేను వెళ్ళిన మొదటి వారమే ఆ గదికి తాళం వేయించి, గంట కొట్టగానే మీకు మీరే క్లాసుకు రండి అన్నాను. పెద్ద గొడవైంది. అవనీ అన్నాను. నా క్లాసులో కాళ్ళు రాసినవాణ్ణి ఆ పీరియడంతా నిలబెట్టేదాన్ని. నాకు కోపం ఎక్కువని పిల్లలు చెప్పుకునేవారు. నిజమే. తప్పిన పిల్లను మొద్దు అన్న మేష్టారెవరైనా నాతో స్టాఫు రూములో ప్రశాంతంగా కాఫీ తాగలేదు.

చాలా ఏళ్ళ తరవాత ఒకరోజు సాయంత్రం నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. జనం బాగా ఉన్నారు. సోడా కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి నా వైపే వచ్చి, నా పక్క నుంచే దాటుకుని పోయాడు. చేతిలో గుడ్డ సంచి. ముఖం చూశాను, ఎవరో అనుకున్నాను. ఆయన దాటిపోయాక అనుకోకుండా వెనక నుంచి చూశాను. ఎడమ భుజం కిందికి జారి ఉంది. మెడ సన్నబడింది, కాలరు వదులైంది. కాలరు పైన కందిగింజంత మచ్చ.

“మేష్టారూ!” అన్నాను.

ఆయన ఆగాడు. తిరగలేదు. ఆడగొంతు వెనక నుంచి పిలిచింది గనక తిరగలేదు. తల కొంచెం పక్కకు వంచి, ఎదురుగా ఉన్న రోడ్డుతో, “చెప్పమ్మా” అన్నాడు.

ఏడుపు రాలేదు నాకు. ఇన్నేళ్ళు దాచుకున్న కోపమంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. ఆ ఆసామి మీద, ఆ హెడ్మాస్టరు మీద, మా నాన్న దగ్గు మీద, తలుపు సందులో పప్పు కొలిచే చెయ్యి మీద, ఆ పురికొస అందించిన ఈయన మీద.

“ఇటు తిరగండి మేష్టారూ!” అని అరిచాను.

బస్టాండంతా మా వైపు చూసింది. సోడా కొట్టేవాడి చెయ్యి ఆగిపోయింది. మేష్టారు సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. రోడ్డుకు అటు చూశాడు, ఇటు చూశాడు, ఎవరైనా మమ్మల్ని గమనిస్తున్నారేమోనని. ఆ తరవాతే నా వైపు తిరిగాడు.